పోర్ట్ అంటే రేవేనా? ఒక ఇంగ్లీషు మాట గురించి విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మర్రిపాలెం దగ్గర ట్యూషన్‌లో ఇంగ్లీషు చెప్తాను. మా నాన్నగారు పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు, అంటే ఓడలోంచి దిగే బస్తాలూ ఓడలోకి ఎక్కే బస్తాలూ లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునే పని. పోర్టు క్వార్టర్స్, పోర్టు హాస్పిటల్, పోర్టు స్టేడియం, నెలకోసారి పోర్టు జీతం, ఇలా ఆ మాట మధ్యలోనే పెరిగాను కాబట్టి దాన్ని ఎప్పుడూ ఆగి చూడలేదు. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల లేచి, "సార్, ఓడలు ఆగేదీ పోర్టే, ఛార్జర్ గుచ్చేదీ పోర్టే, సిమ్ మార్చుకోవడం కూడా పోర్టే, ఒకటే మాటా లేక మూడా?" అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని నేర్చుకున్నవి, ఆ పిల్లతో మొదలుపెట్టి చాలామంది అడిగినవి, ఇక్కడ పెడుతున్నాను.

ఇంతకీ ఒకటే మాటా, మూడు మాటలా?

ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడు. లాటిన్‌లో మూడు వేర్వేరు మాటలుండేవి. "పోర్టుస్" అంటే ఓడరేవు, "పోర్టా" అంటే కోట ద్వారం, "పోర్టారే" అంటే మోయడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం. చివర్లు అరిగిపోయి ఇంగ్లీషులో మూడూ "పోర్ట్" అయి కూర్చున్నాయి. మన పోర్టు మొదటిది, ఛార్జర్ పోర్ట్ రెండోది, సిమ్ పోర్టింగ్ మూడోది. కొత్త వాడుక ఏది ఎదురైనా ముందు ఇది రేవా, గుమ్మమా, మోతా అని అడగండి, చాలావరకు దారి దొరుకుతుంది. నా పిల్లలకి నేను నేర్పేది ఇదే.

ఆ మూడింటికీ చుట్టరికం ఏమీ లేదా?

ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. లాటిన్, గ్రీకు, సంస్కృతం, ఇంగ్లీషు లాంటి భాషలన్నిటికీ వెనక ఒక మూలభాష ఉందని పండితులు పునర్నిర్మించారు కదా, అందులో "పెర్" అనే ధాతువుకి దాటడం, దాటించడం అని అర్థం. రేవు అంటే నేల నుంచి నీళ్ళకి దాటే చోటు, ద్వారం అంటే బయటి నుంచి లోపలికి దాటే చోటు, మోయడం అంటే సరుకుని ఇటు నుంచి అటు దాటించడం. ఏటిని కాలినడకన దాటగలిగే చోటుని ఇంగ్లీషులో "ఫోర్డ్" అంటారు, అదీ ఈ కుటుంబమే. నార్వేలో కొండల మధ్యకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయలు, "ఫియోర్డ్"లు, అవీ ఇందులోవే.

సంస్కృతంలో అదే ధాతువు నుంచి "పారం" వచ్చింది, అంటే అవతలి ఒడ్డు. వేదపారంగతుడు అంటే వేదమనే నీటిని ఈది అవతలి ఒడ్డుకి చేరినవాడు. "అపారం" అంటే అవతలి ఒడ్డు లేనిది. తుఫాను వచ్చి వెళ్ళాక పేపర్లో "అపారమైన నష్టం" అని చదువుతాం కదా, ఆ మాట లోపల ఒడ్డు కనపడని సముద్రం ఉంది! నాన్నగారు పనిచేసిన పోర్టుకీ, తాతగారు శ్లోకాల్లో చదివిన పారానికీ చుట్టరికం ఉందని తెలిసిన రోజు నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. ఒక్క జాగ్రత్త: నీళ్ళు పారడం, పారిపోవడంలో ఉన్న తెలుగు "పారు" వేరు, అది ద్రావిడ మాట, దాన్ని ఇందులో కలపకూడదు.

విశాఖపట్నంలో "పట్నం" అంటే కూడా పోర్టే అంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. సంస్కృతంలో పత్తనం, పట్టణం అంటే సరుకు దిగే రేవు ఊరు, వర్తకం జరిగే ఊరు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఓడల వ్యవహారం చూసే నావధ్యక్షుడి అధ్యాయంలోనే "పణ్యపత్తనం" అనే మాట వస్తుంది, అక్కడి కట్టుబాట్లు కాపాడటం అతని బాధ్యత అని చెప్తుంది. మన తీరం వెంట చూడండి, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం, దండలో పువ్వుల్లా అన్నీ సముద్రం పక్కనే. తర్వాత తర్వాత ఆ మాటలోంచి ఓడలు జారిపోయి ఊరు మాత్రం మిగిలింది, అందుకే సముద్రం వాసన లేని ఇబ్రహీంపట్నాలూ ఉన్నాయి, పల్లెలో ఎవరైనా "పట్నం వెళ్తున్నా" అంటే దగ్గర్లో ఉన్న పెద్ద ఊరికి అనే అర్థం.

సరిగ్గా ఇదే ఇంగ్లీషులోనూ జరిగింది. పాత ఇంగ్లీషులో "పోర్ట్" అంటే రేవు అనే కాదు, గోడ కట్టిన సంత ఊరు అని కూడా అర్థం ఉండేది, ఆ ఊరి పెద్దని "పోర్ట్‌రీవ్" అనేవారు, ఆ ఊరికి సముద్రం ఉండాలన్న నియమమేమీ లేదు. రెండు భాషలు, ఒకదాన్నొకటి చూసుకోకుండా, ఓడలు ఆగే చోటు నుంచి ఊరి దాకా నడిచొచ్చాయి. కాబట్టి "విశాఖపట్నం పోర్టు" అన్నప్పుడు ఒక మాటనే రెండు భాషల్లో రెండుసార్లు అంటున్నాం. తప్పేమీ కాదు, గేటు కూడా "గేటు తలుపు" అంటాం కదా.

పోర్టు, హార్బరు, రేవు, జెట్టీ, బెర్తు: తేడా ఏమిటి?

హార్బరు అంటే అలల నుంచి ఓడకి రక్షణ దొరికే నీళ్ళు. పోర్టు అంటే ఆ నీళ్ళ పక్కన సరుకు ఎత్తి దించే ఏర్పాటంతా, క్రేన్లు, గోడౌన్లు, రైలు పట్టాలు, కస్టమ్స్ ఆఫీసు అన్నీ కలిపి. హార్బరు ప్రకృతి ఇవ్వొచ్చు, పోర్టు మాత్రం మనుషులు కట్టాలి. అసలు హార్బరు అనే మాటకి సముద్రంతో సంబంధమే లేదు, పాత ఇంగ్లీషులో "సైన్యం తలదాచుకునే చోటు" అని అర్థం, సత్రం లాంటిదన్నమాట. జెట్టీ నీళ్ళలోకి కట్టిన కట్టడం, బెర్తు ఒక ఓడ ఆగే జాగా, రైల్లో మనిషికి బెర్తు ఉన్నట్టే.

మన ఊళ్ళో వాడుక ఇంకోలా స్థిరపడింది. ఊరికే "హార్బరు" అంటే ఫిషింగ్ హార్బరు, చేపలు కొనడానికి వెళ్ళేది. "పోర్టు" అంటే పెద్ద ఓడలది. అందులో ఇన్నర్ హార్బరు, ఔటర్ హార్బరు అని రెండున్నాయి. డాల్ఫిన్ నోస్ కొండ దక్షిణాన అడ్డు నిలబడబట్టి ఇక్కడ ఓడలకి నీడ దొరికింది. 1933 అక్టోబర్ 7న "జలదుర్గ" అనే ఓడ రావడంతో పోర్టు మొదలైంది, ఆ డిసెంబర్‌లో వైస్రాయి విల్లింగ్‌డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చడం కోసం బెంగాల్ నాగపూర్ రైల్వే దీని మీద పట్టు పట్టింది. పెద్ద పోర్టుల కోసం 2021లో వచ్చిన చట్టం తర్వాత పోర్ట్ ట్రస్ట్ పోయి పోర్ట్ అథారిటీ వచ్చింది, మా ఇంట్లో మాత్రం ఇంకా ట్రస్టే అంటాం.

రేవు మాత్రం వీటన్నిటికన్నా పెద్ద మాట. చాకిరేవు, గోదావరి స్నానాల రేవు, చీరాల దగ్గర ఊరి పేరే ఓడరేవు. మనిషి నీళ్ళలోకి దిగే ఏ చోటైనా రేవే. "పోర్ట్" మూలంలో ఉన్న దాటడం అనే భావానికి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకు కనపడలేదు, అందుకే నౌకాశ్రయం అని బోర్డు మీద రాసినప్పుడల్లా ఓడరేవు అని రాసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఓడలో ఎడమ పక్కని పోర్ట్ అని ఎందుకంటారు? లెఫ్ట్ అనొచ్చు కదా?

లెఫ్ట్ అంటే ఎవరి లెఫ్ట్? మనిషి ఓడ వెనక్కి తిరిగి నిలబడితే అతని ఎడమ మారిపోతుంది, ఓడ ఎడమ మారదు. అందుకని ఓడకి సొంత ఎడమ, సొంత కుడి కావాలి. ఓడ ముందుకి చూస్తున్నట్టు నిలబడితే ఎడమది పోర్ట్, కుడిది స్టార్‌బోర్డ్.

పాతకాలం ఉత్తర ఐరోపా పడవల్లో చుక్కాని ఇప్పటిలా వెనక మధ్యలో ఉండేది కాదు. కుడి పక్కన ఒక పెద్ద తెడ్డు కట్టి దానితో నడిపేవారు, అందుకే ఆ పక్క "స్టీర్" చేసే పక్క, స్టార్‌బోర్డ్, అందులో నక్షత్రాలేం లేవు. ఆ తెడ్డు గట్టుకి కొట్టుకుని విరక్కుండా ఎడమ పక్కనే రేవుకి ఆనించేవారు, సరుకూ అటు నుంచే ఎక్కేది. మొదట్లో ఆ పక్కని "లార్‌బోర్డ్" అనేవారు. ఇప్పుడు గాలివానలో, తెరచాపలు టపటపా కొట్టుకుంటుంటే "లార్‌బోర్డ్", "స్టార్‌బోర్డ్" అని అరిస్తే చుక్కాని దగ్గరున్న వాడికి ఏం వినపడుతుంది? పొరపాటు పడితే ఓడ రాళ్ళ మీదికే. అందుకని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్ అనొద్దు, పోర్ట్ అనండి అని ఆజ్ఞ ఇచ్చింది, రెండేళ్ళకి అమెరికా నౌకాదళమూ అదే చేసింది. పోర్ట్ అనే మాట నావికుల నోట్లో అంతకుముందు నుంచే ఉంది, ఆజ్ఞతో ఖాయమైంది.

ఇది నాకు పుస్తకంలో కన్నా ఫిషింగ్ హార్బరులో బాగా అర్థమైంది. తెల్లవారుజామున చేపల కోసం వెళ్ళి, తిరిగొచ్చే బోట్లు చూస్తూ నిలబడితే, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, బోటు ముందు భాగం చూపించి చెప్పాడు: "ఎడం పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం బాబూ. రాత్రి పూట మన కుడి పక్క నుంచి అడ్డంగా వచ్చేవాడి ఎర్ర దీపం కనపడిందనుకో, దారి మనమే ఇయ్యాల." ఉప్పు పట్టి పెంకులు లేచిన చెక్క మీద, అరచేతిలో పట్టేంత డబ్బాలో, ఎర్ర అద్దం వెనక ఒక చిన్న బల్బు. అంతర్జాతీయ నిబంధనల పుస్తకంలో ఉన్నది అక్షరాలా అదే. ఆయన పోర్ట్ అనే మాట అనలేదు, ఆ అవసరమూ పడలేదు.

మన పోర్టులోకి సముద్రం వైపు నుంచి వచ్చే ఓడకి డాల్ఫిన్ నోస్ ఎడమ పక్కన, అంటే పోర్ట్ పక్కన ఉంటుంది. ఛానల్‌లో, అంటే ఓడలు లోపలికి వచ్చే నీటి దారిలో, తేలే గుర్తులు కూడా లోపలికి వచ్చేటప్పుడు ఎడమన ఎర్రవి, కుడిన పచ్చవి. అమెరికాలో, జపాన్‌లో ఇది తిరగేసి ఉంటుంది, అక్కడ లోపలికి వచ్చేటప్పుడు కుడి పక్కన ఎర్రవి.

పోర్ట్ వైన్ అంటే ఓడల్లో వచ్చే వైనా?

కాదు. పోర్చుగల్‌లో డూరో నది సముద్రంలో కలిసే చోట పోర్టో అనే ఊరుంది, ఇంగ్లీషు వాళ్ళు దాన్ని ఒపోర్టో అనేవారు, ఆ ఊరి నుంచి ఎగుమతయ్యే ద్రాక్ష సారా కాబట్టి పోర్ట్. ద్రాక్ష రసం పులుస్తుండగానే అందులో బ్రాందీ లాంటి ఘాటు మద్యం కలిపి పులియడం ఆపేస్తారు, అందుకే తియ్యగా, ఘాటుగా ఉంటుంది. ఫ్రాన్స్‌తో గొడవల మూలంగా ఇంగ్లండ్ 1703లో పోర్చుగల్‌తో ఒప్పందం చేసుకుని ఆ వైన్ మీద సుంకం తగ్గించడంతో దీనికి గిరాకీ వచ్చింది.

ఆ ఊరి పాత లాటిన్ పేరు పోర్టుస్ కాలే, అంటే కాలే రేవు. పోర్చుగల్ దేశం పేరు మొత్తం అందులోంచే వచ్చింది. మన పాత తెలుగులో పోర్చుగీసు వాళ్ళని బుడతకీచులు అన్నారు, అంటే ఆ రేవు మన నోట్లోనూ ఇంకో ఆకారంలో ఉందన్నమాట. అరబ్బీలో బత్తాయి లాంటి తియ్య నారింజని "బుర్తుఖాల్" అంటారు, టర్కీలో "పోర్తకాల్", అదీ పోర్చుగల్ పేరే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన శ్రీకాకుళం వాళ్ళకి ఆ మాట బాగా తెలుసు. ఇంకోటి, పోర్ట్ వైన్ నిల్వచేసే పెద్ద చెక్క పాత్రని పోర్చుగీసులో "పీపా" అంటారు, మనం నూనెకీ కిరోసిన్‌కీ వాడే పీపా ఆ మాటే.

ల్యాప్‌టాప్‌కి పోర్టు ఎక్కడిది?

ఇది ద్వారం. ఓడ పక్కన గుండ్రటి కిటికీని పోర్ట్‌హోల్ అంటారు, రేవులో ఉందని కాదు, గోడలో ద్వారం కాబట్టి. యూఎస్‌బీ పోర్టూ అంతే, లోపలికీ బయటికీ దాటే కన్నం. కంటికి కనపడని పోర్టులూ ఉన్నాయి. ఒక కంప్యూటర్‌కి నెట్‌వర్క్ వైపు 0 నుంచి 65535 దాకా నంబర్లున్న ద్వారాలుంటాయి, భద్రంగా తెరిచే వెబ్ పేజీలు సాధారణంగా 443 నుంచి, మామూలువి 80 నుంచి వస్తాయి. ఒక అపార్ట్‌మెంట్‌కి చిరునామా ఒకటే, ఫ్లాట్ నంబర్లు వేరు, అలా అనుకోండి.

హాస్పిటల్లోనూ ఈ మాట వినపడుతుంది. మా పిన్నికి కీమో ఇచ్చేటప్పుడు డాక్టరుగారు "పోర్ట్ పెడదాం" అన్నారు. బయటికి వచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పోర్టేమిట్రా నాకు?" అని అడిగింది. కాలర్ ఎముక కింద చర్మం లోపల పెట్టే రూపాయి బిళ్ళంత పరికరం, ప్రతిసారీ చేతి నరం వెతికి పొడవక్కర్లేకుండా మందు వెళ్ళే గుమ్మం, అని చెప్పాను. "గుమ్మమా, అయితే సరే" అంది. ఆ ఒక్క మాటతో టెన్షన్ కొంచెం తగ్గింది. మందుల భాషలో ఎవరికైనా ఏదైనా చెప్పాల్సొస్తే ఇలా ఇంటి మాటతో చెప్పమని మిమ్మల్ని నిజంగా బతిమాలుతున్నాను. స్కాన్ రిపోర్టులో రాసే "పోర్టల్ వీన్" కూడా ఇదే, కాలేయపు ద్వారం గుండా వెళ్ళే సిర.

నంబర్ పోర్ట్ పెట్టడం అంటే?

ఇది మోత. నంబర్‌ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మోసుకెళ్ళడం. మన దేశంలో 2010 నవంబర్‌లో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి అన్నిచోట్లా వచ్చింది. ఇంగ్లీషులో PORT అని టైప్ చేసి మీ నంబర్‌తో 1900కి మెసేజ్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. ఆ కోడ్ ఎవరికీ ఫోన్‌లో చెప్పకండి.

పాస్‌పోర్ట్, ఎయిర్‌పోర్ట్?

రెండూ రేవులే. రేవు దాటి పోనిచ్చే కాగితం పాస్‌పోర్ట్, ఫ్రెంచి నుంచి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ గాలి ఓడల రేవు.

రైల్వే పోర్టర్, బ్రిటన్‌లో కాలేజీ గేటు దగ్గర పోర్టర్: ఒకే పోర్టరా?

చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు. సామాను మోసే పోర్టర్ మోత నుంచి, గేటు కాపలా ఉండే పోర్టర్ ద్వారం నుంచి వచ్చారు. చదువుకోడానికి బ్రిటన్ వెళ్ళిన మన పిల్లాడొకడు హాస్టల్ గేటు దగ్గర పోర్టర్ ఉంటాడని చూసి రెండు పెట్టెలూ ఆయన ముందు పెట్టాడట, ఆయన మంచివాడు కాబట్టి ఒకటి పట్టుకుని గది దాకా వచ్చాడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకోటి: అక్కడ పాతవాళ్ళు పెట్టెనే "పోర్ట్" అంటారు, పోర్ట్‌మాంటో అనే మాటని కత్తిరించి.

స్పోర్ట్స్‌లో, ఇంపార్టెంట్‌లో కూడా ఇదే ఉందా?

ఉంది. పాత ఫ్రెంచిలో "దెస్‌పోర్తెర్" అంటే పని మీద నుంచి మనసుని పక్కకి మోసుకెళ్ళడం, అదే ఇంగ్లీషులో డిస్‌పోర్ట్ అయి, ముందు భాగం ఊడి స్పోర్ట్ అయింది. ఇంపార్టెంట్ అంటే లోపలికి మోసుకొచ్చేది, తనతో పాటు ఏదో ఒక ఫలితాన్ని తెచ్చేది. రిపోర్ట్ అంటే తిరిగి మోసుకొచ్చి చెప్పేది, సపోర్ట్ అంటే కింద నుంచి మోసేది. ఎగుమతి దిగుమతులు చెప్పక్కర్లేదు.

ఆపర్చునిటీ మాత్రం మోత కాదు, రేవు. లాటిన్‌లో "ఆపొర్‌తూనుస్" అంటే రేవు వైపుకి వీచే గాలి. బయట లంగరేసుకుని రోజుల తరబడి కూర్చున్న తెరచాప ఓడకి ఆ గాలి ఎంత విలువైనదో ఊహించండి. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన రైతు అన్నదీ ఇదే గాలి గురించి, కాకపోతే ఆయన కళ్ళంలో నిలబడి అన్నాడు, వాళ్ళు ఓడ మీద నిలబడి అన్నారు.

"టూ బెడ్‌రూమ్ పోర్షన్" అంటాం కదా, అది కూడానా?

కాదు. పోర్షన్ వాటా అనే అర్థమున్న వేరే లాటిన్ మాట. పోర్ట్రెయిట్ కూడా కాదు. అక్షరాలు కలిశాయి, అంతే.

పోర్ట్ బ్లెయిర్ పేరు మారింది కదా?

2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అయింది. పాత పేరులో బ్లెయిర్ అంటే ఆ తీరాన్ని సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్. మన విశాఖ నుంచి అక్కడికి ప్రయాణికుల ఓడ వెళ్తుంది, ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలా ఉన్నాయి అక్కడ, వాళ్ళ ఉత్తరాల్లో పాత పేరు ఇంకొన్నాళ్ళుంటుంది.

పిల్లలకి పోర్ట్, స్టార్‌బోర్డ్ చూపించడానికి ఓడ ఎక్కించాలా?

అక్కర్లేదు, చీకటి పడ్డాక ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళండి, ఒక బైనాక్యులర్ ఉంటే మంచిది. సముద్రం వైపు తిరిగి నిలబడితే కుడి చేతి వైపు డాల్ఫిన్ నోస్, ఎడమ చేతి వైపు భీమిలి. దూరంగా తెల్ల దీపాలతో కదలకుండా ఉన్నవి లంగరేసి వంతు కోసం చూస్తున్న ఓడలు, వాటిని వదిలేయండి. కదిలేదాన్ని పట్టుకోండి. దాని మీద ఎర్ర దీపం కనపడిందంటే అది తన పోర్ట్ పక్కని మనకి చూపిస్తోంది, అంటే భీమిలి వైపు పోతోంది. పచ్చ దీపం కనపడితే డాల్ఫిన్ నోస్ వైపు. ఎర్రదీ పచ్చదీ రెండూ ఒకేసారి కనపడితే ఓడ ముఖం మన వైపే ఉంది.